పెండింగు మిరియం

విశాఖపట్నంలో సుగంధద్రవ్య వినియోగ ప్రోత్సాహక సంస్థ అని ఒకటుంది. ఏ వీధిలో ఉందని మాత్రం అడక్కండి. అడిగితే అది సందేహం కింద జమ అవుతుంది, దానికో నంబరు పడుతుంది, ఆ తర్వాత మీ ఖర్మ.

ఆ సంస్థకున్న పనల్లా జనం చేత మిరియాలు తినిపించడం. పండించేవాళ్ళు పాడేరు కొండల్లో వేరే ఉన్నారు. అమ్మేవాళ్ళు బజార్లో వేరే ఉన్నారు. తినండి బాబూ అని చెప్పడానికి మాత్రం ఇక్కడ మూడంతస్తుల మేడ, రెండు జీపులు, ఒక ఎం.డి. గారు ఉన్నారు. ఏటేటా ఒక చిన్న పుస్తకం అచ్చేస్తారు. పేరు ‘మిరియాలపై సామాన్య సందేహాలు, అధికారిక సమాధానాలు’. నల్ల మిరియాలకీ తెల్ల మిరియాలకీ తేడా ఏమిటి? రెండూ ఒకే తీగకి కాసినవే, పచ్చిగా ఉండగా కోసి ఎండబెడితే నల్లవి, పండాక తొక్క తీస్తే తెల్లవి. పొడి ఎప్పుడు కొట్టుకోవాలి? వాడుకునే ముందు. బొప్పాయి గింజలు కలిపారేమోనని అనుమానం, ఎలా? నీళ్ళలో వేసి చూడండి, తేలిపోతాయి. దగ్గొస్తే? వేడి పాలలో వేసుకోండి. అంతే పుస్తకం. అది చదివి మిరియాలు కొన్నవాడు ఇంతవరకూ దొరకలేదు గానీ అచ్చు మాత్రం ఏ యేడూ ఆగలేదు.

ఇంకో విశేషం కూడా ఇక్కడే చెప్పేస్తాను. గురువారం గురువారం ఆ సంస్థ క్యాంటీన్లో కట్టెపొంగలి పెడతారు. నెయ్యి కారుతూ, జీడిపప్పు తగులుతూ, పొగలు కక్కుతూ ఉంటుంది. ఊరందరికీ మిరియాలు తినమని చెప్పే ఈ మహానుభావులు ఆ పొంగలిలోని మిరియాన్ని ఒక్కదాన్ని కూడా నోట్లోకి పోనివ్వరు. కబుర్లు చెప్పుకుంటూనే, కంచం వైపు చూడకుండానే, వేళ్ళతో తడిమి పట్టేసి అంచుకి చేరుస్తారు. ఎం.డి. గారి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరిదీ అదే తీరు. మీరూ అంతేనని నాకు తెలుసు, మొహం అలా పెట్టకండి.

ఆ సంస్థలో డిస్పాచి సెక్షన్లో గుబ్బల తాతారావు అని ఒక సీనియర్ అసిస్టెంటు. ఒకరి జోలికి పోయే మనిషి కాడు. భార్య మంగతాయారు నరసాపురం హైస్కూల్లో లెక్కల టీచరు. ఈయన విశాఖలోనే అల్లిపురంలో అద్దెగదిలో, ఆవిడ నరసాపురంలో ఇంట్లో. శనివారం రైలెక్కి వెళ్ళడం, ఆదివారం రైలెక్కి రావడం. మీ కాపురం ఎక్కడండీ అంటే రైల్లో అని చెప్పుకోవాల్సిన పరిస్థితి. మొదట్లో అందరూ అయ్యో పాపం అనేవారు, రానురానూ అదీ మానేశారు. సంస్థకి భీమవరంలో చిన్న బ్రాంచి ఉంది. అక్కడికి బదిలీ అయితే ఇంటి నుంచే రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు. కానీ అక్కడ ఉన్నది ఒక్కటే కుర్చీ. అది ఖాళీ అవ్వాలి, బదిలీల మీద ప్రభుత్వం పెట్టిన నిషేధం అదే సమయానికి ఎత్తెయ్యాలి. తాతారావు దేవుణ్ణి వేరే కోరికలేవీ అడగడం మానేసి చాలా కాలమైంది.

ఇలా ఉండగా సంస్థకి సర్వోత్తమరావు గారని కొత్త ఎం.డి. వచ్చారు. వస్తూనే ఏదో చల్లని ఊళ్ళో శిక్షణకి వెళ్ళి, స్వెట్టరుతో పాటు ఒక సిద్ధాంతం కూడా తెచ్చుకున్నారు. ఆవరణలో అందర్నీ ఎండలో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

“సంస్థ గొప్పతనం అది ఇచ్చే సమాధానాల్లో లేదు! దానికి కలిగే సందేహాల్లో ఉంది! మనకి సందేహాలు లేవు కాబట్టే మనం ఎదగలేదు. ఈ సంవత్సరాన్ని సందేహ సంవత్సరంగా ప్రకటిస్తున్నాను. సందేహించండి! సందేహింపజేయండి!”

చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నామని సందేహం వచ్చినా పైకి చెప్పలేదు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. “సంస్థలోని ప్రతి ఉద్యోగియు మిరియములకు సంబంధించి తనకు గల ఒక యథార్థ సందేహమును గడువులోగా సమర్పించవలెను. సందేహములు లేనివారు, లేకపోవుటకు గల కారణములను వ్రాతపూర్వకముగా వివరించవలెను.”

ఆఫీసంటే ఆఫీసే మరి. అందరూ పుస్తకం ముందేసుకుని, అందులోని సందేహాలే తీసి రాసిచ్చేశారు. అకౌంట్స్ సెక్షను మొత్తానికి మిరియాలు నల్లగా ఎందుకుంటాయో తెలియలేదు. జీపు డ్రైవర్లిద్దరికీ బొప్పాయి గింజల బెంగ పట్టుకుంది. సమాధానాలు పుస్తకంలోనే ఉన్నాయి కాబట్టి వచ్చిన సందేహం వచ్చినట్టే తీరిపోయింది.

తాతారావు మాత్రం మర్చిపోయాడు. గడువు చివరి రోజు గురువారం. పొంగలి తింటుంటే అటెండరు నూకరాజు వచ్చి, “అందరూ ఇచ్చేశారు, మీ ఒక్కరిదే మిగిలింది, ఏదో ఒకటి రాసి పారెయ్యండి సార్” అని కాగితం చేతికిచ్చాడు. కుడిచేత్తో అన్నం. ఎడంచేత్తో పెన్ను. కంచం అంచున నల్లగా మిరియాలు. ఏం తోచక, ఆ క్షణాన తను చేస్తున్న పనే రాసేశాడు. ‘పొంగలిలో వచ్చే మిరియాన్ని నమలాలా, మింగాలా, ఏరి పక్కన పెట్టాలా?’ రాసి, చెయ్యి కడుక్కుని, ఆ సంగతే మర్చిపోయాడు.

పుస్తకంలో దానికి సమాధానం లేదు.

కొన్నాళ్ళకి తాతారావు మొర దేవుడు ఆలకించాడు. భీమవరం ఆయన రిటైరయ్యాడు. అదే వారంలో బదిలీల మీద నిషేధం నెలాఖరు దాకా ఎత్తేశారు. తాతారావు అప్పటికప్పుడు మంగతాయారుకి ఫోను చేశాడు. ఆవిడ ఏడుపు గొంతుతో, “నిజమేనా? నన్ను ఆటపట్టించడం లేదు కదా?” అంది. లెక్కల టీచరు కదా, తేలేదాకా దేన్నీ నమ్మదు. అయినా సాయంత్రానికల్లా ఆయన బట్టల కోసం బీరువాలో ఒక అర ఖాళీ చేసేసింది.

దరఖాస్తు పట్టుకుని ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంటు అమృతవల్లి గారి దగ్గరికి వెళ్ళాడు తాతారావు. ఆవిడ మంచిమనిషే. రూలు పుస్తకంలో లేని మంచితనం మాత్రం చెయ్యలేదు. కళ్ళజోడు సర్దుకుని కాగితాలన్నీ తిరగేసింది.

“అంతా సవ్యంగానే ఉందండీ తాతారావు గారూ. భార్యాభర్తల కేసు కాబట్టి మీకే మొదటి అవకాశం. ‘సందేహం లేదు’ ధ్రువపత్రం ఒక్కటి జతచెయ్యండి, చాలు.”

“నాకేం సందేహం లేదండీ మేడమ్.”

“మీకు లేకపోవచ్చు. ఫైల్లో ఉంది. పొంగలిలో మిరియం. సంస్థ మొత్తం మీద తీరని సందేహం అదొక్కటే. సందేహం పెండింగులో ఉన్న ఉద్యోగిని కదపకూడదని కొత్త రూలు.”

“అయ్యో, అది ఉత్తినే రాశానండీ! వెనక్కి తీసేసుకుంటాను.”

“సమర్పించిన సందేహం సంస్థ ఆస్తి అవుతుందండీ. ఆఫీసు ఫ్యాను ఇంటికి పట్టుకుపోతానంటే ఊరుకుంటామా?”

“పోనీ, తీరిపోయిందనుకోండి.”

“ఎవరు తీర్చారు?”

“మా ఆవిడ. ఇంట్లో పొంగలి పెట్టినప్పుడల్లా, నచ్చితే నమలండి లేకపోతే మానండి అంటుంది.”

అమృతవల్లి గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “సంస్థ సందేహాన్ని ప్రైవేటు వ్యక్తుల చేత తీర్పించుకున్నారా? అది ప్రవర్తనా నియమావళికే విరుద్ధం. మీరీ మాట అనలేదు, నేను వినలేదు. వెళ్ళి టెక్నికల్ ఆఫీసరు గారిని పట్టుకోండి.”

టెక్నికల్ ఆఫీసరు వైకుంఠరావు గారు పై అంతస్తులో ఉంటారు. పరిశోధన చేసి డాక్టరు పట్టా తెచ్చుకున్నాయన. మాట్లాడేటప్పుడు మనిషిని చూడరు, గోడమీద అంటించిన మిరియపు తీగ బొమ్మను చూస్తారు. తాతారావు చెప్పిందంతా విని చాలాసేపు ఆ బొమ్మను చూశారు.

“మీకు అర్థం కావడం లేదు తాతారావు గారూ. ఇది చాలా సున్నితమైన సమస్య. నమలమని మేము అధికారికంగా చెప్పామనుకోండి, ఎవడో నమిలి, మంటెత్తి, దగ్గి, కోర్టుకి వెడితే? మింగమని చెప్పామనుకోండి, గింజ గింజలాగే లోపలికి పోతే దాని గుణం ఒంటికి పట్టదు, అది జాతీయ వృథా. ఏరి పక్కన పెట్టమని చెప్పామనుకోండి...” ఆయన బొమ్మ మీంచి కళ్ళు దించేసుకున్నారు. “మిరియాలు తినిపించే సంస్థ మిరియాలు పారెయ్యమని ఉత్తర్వు ఇస్తుందా?”

“అయితే నా బదిలీ మాటేమిటండీ?”

“కమిటీ వేద్దాం.”

కమిటీ వేశారు. కమిటీ కూర్చుంది, టీ తాగింది, క్షేత్రపరిశీలన అవసరమని తేల్చింది. ఒక గురువారం క్యాంటీన్లో ఉద్యోగులందరికీ పొంగలి పెట్టాలి, ఒక్కొక్కరి వెనకా ఒక పరిశీలకుడు నిలబడాలి, తినేవాణ్ణి నమిలేవాడు, మింగేవాడు, ఏరేవాడు అని మూడు తరగతుల కింద గుర్తించాలి. తాతారావుకి ‘సందేహి’ అని హోదా ఇచ్చి, నిర్ణీత స్థానంలో కూర్చోవాలని ఉత్తర్వు ఇచ్చారు. ఉత్తర్వులో ఆ మాట చూసుకుని తాతారావు సిగ్గుతో చితికిపోయాడు.

ఆ గురువారం క్యాంటీను పరీక్ష హాలులా తయారైంది. వంటమనిషి అప్పలనరసమ్మ గరిట పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసి చూసి, “ఏటి బాబూ ఇది? తినీవోల ఎనకాల నిలబడి రాసుకోడవేటి? ముద్ద దిగుద్దా ఎవులికైనా?” అంది. ఆవిణ్ణి లోపలికి పంపేశారు.

మొదటి వరసలో ఎం.డి. గారు కూర్చున్నారు. వెనక పరిశీలకుడిగా వైకుంఠరావు గారు. ఎం.డి. గారు మొదటి ముద్ద కలిపారు. వేళ్ళు అలవాటుగా మిరియాన్ని పట్టేసుకున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, వెనక మనిషి ఉన్నాడని. అంచుకి చేర్చారా, సంస్థ పరువు పోయింది. నోట్లో వేసుకున్నారా, ఆయనకి మిరియం పడదు, కన్నూ ముక్కూ ఏకమై పోతాయి. గది అంతా ఆ చేతినే చూస్తోంది. ఎం.డి. గారు గొంతు సవరించుకుని, పొంగలిలోంచి ఒక కరివేపాకు రెబ్బ తీసి కంచం అంచున పెట్టారు. దాని కిందికి మిరియం చల్లగా జారిపోయింది.

అబ్బ, ఆ క్షణాన గదిలో ఎంత హాయి! అందరూ ఒక్కసారిగా కరివేపాకు కోసం వెతుక్కోవడం మొదలెట్టారు. భోజనాలయ్యేసరికి ఒక్క కంచంలో కూడా మిరియం కనిపించలేదు. ప్రతి కంచం అంచునా కరివేపాకు మాత్రం గుట్టగా ఉంది, ఆ గుట్ట కొంచెం ఎత్తుగా కూడా ఉంది.

“ఆకు ఎత్తి చూడండి సార్,” అన్నాడు తాతారావు, ఉండబట్టలేక.

వైకుంఠరావు గారు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. “కరివేపాకు మన పరిధిలోది కాదు తాతారావు గారూ. ఆకులన్నీ వేరే శాఖ కిందికి వస్తాయి. వాళ్ళ అభ్యంతరం లేదని కాగితం రాకుండా ముట్టుకుంటే రేపు మాట పడాల్సి వస్తుంది.”

ఆ కాగితం కోసం ఆ శాఖకి లేఖ వెళ్ళింది. ఈలోగా, కనిపించినంతవరకు నివేదిక రాసేశారు. “పరిశీలింపబడిన కంచములన్నింటియందును విడువబడిన మిరియములు శూన్యము. మిరియమును ఏరుట అను అలవాటు సంస్థలో లేదు. కావున సందేహము నిరాధారము. మూసివేయవచ్చును.”

తాతారావుకి నెత్తిన పాలు పోసినట్టైంది. అబద్ధమైతేనేం, అమృతంలాంటి అబద్ధం. పరుగున వెళ్ళి ఫోను చేశాడు. “మంగా, మూసేస్తున్నారు! అద్దెగది ఖాళీ చేసేస్తానని ఇంటాయనకి చెప్పేస్తున్నాను” అన్నాడు. ఆవిడ ఈసారి నమ్మింది. ఆ సాయంత్రమే రైతుబజారుకి వెళ్ళి, ఇద్దరికి సరిపడా కూరలు కొంటే ఎన్ని కొనాలో మర్చిపోయానని నవ్వుతూ చెప్పింది.

ఫైలు ఎం.డి. గారి బల్ల మీదికి వెళ్ళింది. ఎం.డి. గారు తాతారావుని పిలిపించారు. లోపలికి వెళ్ళేసరికి కుర్చీలోంచి లేచి ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. పై అధికారి భుజం మీద చెయ్యి వేస్తే కింది ఉద్యోగికి ఎప్పుడూ మంచి జరగదు.

“ఏమయ్యా తాతారావూ, ఈ ఫైలు మూసెయ్యమంటారేమిటయ్యా వీళ్ళు? బుర్రలున్నాయా? ఢిల్లీ నుంచి పరిశీలక బృందం వస్తోంది. సందేహ సంవత్సరంలో మీకు కలిగిన సందేహాలేవి అని అడుగుతారు. ఉన్నవన్నీ పుస్తకంలోంచి ఎక్కించినవే. అసలుసిసలు సందేహం ఒక్కటంటే ఒక్కటే, నీది. అదీ తీర్చేస్తే నేనేం చూపించనయ్యా వాళ్ళకి, ఖాళీ చేతులా?”

“అయ్యా, నా బదిలీ... నెలాఖరు దాటితే మళ్ళీ నిషేధం పెట్టేస్తారండీ. మా ఆవిడ...”

“బదిలీయా? నీలాంటి వాణ్ణి వదులుకుంటామటయ్యా! నువ్వు మన సంస్థకి తలమానికం.”

మర్నాటికల్లా తాతారావుకి రిసెప్షను పక్కన అద్దాల గది ఇచ్చారు. తలుపు మీద ‘సందేహి’ అని ఇత్తడి పలక బిగించారు. బల్ల మీద రాగి గిన్నెలో పొంగలి, పక్కన భూతద్దం. స్కూలు పిల్లల్ని తెచ్చి చూపించడం మొదలెట్టారు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి, “అంకుల్, ఇంకా తెలీలేదా?” అని అడుగుతుంటే తాతారావుకి ఎక్కడైనా గొయ్యి తవ్వుకుని పూడిపోవాలనిపించింది.

మెట్ల కింద నిలబడి మంగతాయారుకి ఫోను చేశాడు. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాడు. లేవలేదు.

“నాకు విసుగొచ్చిందండీ,” అంది. “ఒక్కదాన్నే వండుకుని, ఒక్కదాన్నే తిని, టీవీతో మాట్లాడుకుంటూ పడుకోవడం నాకు ఇంక చేతకాదు. బీరువాలో ఆ ఖాళీ అర చూస్తే ఏడుపొస్తోంది. ఒక్క మిరియం గింజ కోసం నా మొగుణ్ణి అద్దాల పెట్టెలో పెడతారా? వాళ్ళ జిమ్మడ! ఆ సందేహమేదో ఎవడి నెత్తినైనా రుద్దేసి వచ్చెయ్యండి.”

తాతారావు కళ్ళు తుడుచుకుని తిన్నగా అమృతవల్లి గారి దగ్గరికి వెళ్ళాడు.

“మేడమ్, సందేహం సంస్థ ఆస్తి అన్నారు కదండీ. బీరువా తాళాలూ సంస్థవే, జీపూ సంస్థదే. వాటిని ఇంకొకరికి అప్పగించి రిలీవ్ అవుతారు కదా. సందేహానికి ఛార్జి అప్పగించకూడదాండీ?”

అమృతవల్లి గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. రూళ్ళన్నీ తిరగేసి చెప్పింది. “అప్పగించవచ్చు. కాకపోతే తీసుకునే మనిషికి ఆ సందేహం నిజంగా కలిగి ఉండాలి. కలిగిందని సాక్షుల ఎదుట ఒప్పుకోవాలి. కాగితం నేను టైపు చేసి పెడతాను, పేరు దగ్గర ఖాళీ ఉంచుతాను. దాని మీద సంతకం పడిందంటే మీ రిలీవింగు ఉత్తర్వు నేనే ఇచ్చేస్తాను.”

కాగితం పుచ్చుకుని తాతారావు మూడంతస్తులూ కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాడు. చిత్రం చూడండి, సందేహ సంవత్సరంలో, సందేహించండి అని గోడగోడకీ రాసి ఉన్న ఆఫీసులో, ఒక్కడంటే ఒక్కడికి సందేహం లేదు. “నాకు తెలుసు బాబూ, మింగుతాను” అని ఒకడు, “నమిలి పిప్పి చేస్తాను” అని ఇంకొకడు. నూకరాజైతే తాతారావు కనపడగానే మెట్లు దిగి పారిపోయాడు.

ఢిల్లీ బృందం వచ్చే రోజు, నెలాఖరు రోజు, రెండూ ఒకటే అయ్యాయి. సాయంత్రం ఆఫీసు మూసేలోగా రిలీవ్ కాకపోతే నిషేధం మళ్ళీ పడిపోతుంది. తాతారావు ఆ కాగితం జేబులో పెట్టుకుని, ‘సందేహి’ హోదాలో క్యాంటీన్లో పెద్దబల్ల దగ్గర నిలబడ్డాడు.

బృందానికి పెద్ద ఒక అధికారిణి. మన వైపు ఆవిడే, ఢిల్లీలో ఉద్యోగం. చేతిలో వైకుంఠరావు గారి నివేదిక ఉంది, పక్కన అమృతవల్లి గారు ఫైళ్ళు పట్టుకుని ఉంది. ఎం.డి. గారి హుషారు అంతా ఇంతా కాదు. ఈ ఒక్కరోజు గట్టెక్కితే తననీ ఢిల్లీకి పైపదవిలో తీసుకుపోతారని ఆయన ఆశ.

“మిరియాలు బాగా కనపడేలా వండు” అని అప్పలనరసమ్మకి ముందే చెప్పారు. ఆవిడ గుప్పెళ్ళతో పోసింది. కరివేపాకు మాత్రం వెయ్యలేదు. ఆ వేరే శాఖ వాళ్ళు జవాబు రాశారు, విషయం పరిశీలనలో ఉన్నదనీ, తేలేవరకూ మిరియాలున్న వంటకాల్లో తమ ఆకు వాడరాదనీ.

అధికారిణి ఎదురుగా కూర్చుని, “మీ సంస్థలో మిరియం ఏరే అలవాటే లేదని రాశారు, చాలా గొప్ప విషయం. మీరు తింటుంటే చూడాలని ఉంది” అంది.

ఎం.డి. గారు నవ్వారు. ముద్ద కలిపారు. వేళ్ళు తడిమాయి, కరివేపాకు లేదు. అధికారిణి కళ్ళు తిప్పడం లేదు. చేసేదిలేక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మిరియాలు దవడ పళ్ళ మధ్యకి వెళ్ళి కూర్చున్నాయి. ఎం.డి. గారి దవడ అక్కడితో ఆగిపోయింది.

నమిలితే దగ్గు ముంచుకొస్తుంది. మింగేద్దామంటే, మింగడం జాతీయ వృథా అని కూడా వైకుంఠరావు గారు ఆ నివేదికలోనే రాసిపెట్టారు, అది అధికారిణి చేతిలోనే ఉంది. పోనీ ఊసేద్దామంటే సంస్థ, పదవి, ఢిల్లీ అన్నీ దాంతోపాటే పోతాయి. ఎం.డి. గారి చెంప ఒకటి ఉబ్బి అలాగే ఉండిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

అధికారిణి అడిగింది, “ఏమైంది సర్వోత్తమరావు గారూ? ఏమైనా ఇబ్బందా?”

తాతారావు ఒక్క అంగలో ముందుకి వచ్చాడు. జీవితంలో మొదటిసారి పై అధికారి చెవి దగ్గరికి వంగి, గది అంతా వినపడేలా అడిగాడు. “అయ్యా, నమలాలా, మింగాలా, ఏరి పక్కన పెట్టాలా అని తమరికి సందేహం కలిగిందాండీ?”

ఎం.డి. గారు గుడ్లు ఉరిమి చూశారు. నోరు తెరిస్తే మిరియాలు బయటికొస్తాయి. ఆయన చుట్టూ ఉన్న మొహాలన్నీ చూశారు. అధికారిణి మొహం మాత్రం వికసించిపోయింది. “ఏమిటీ, స్వయంగా మీకే సందేహమా? యథార్థ సందేహమా? అధిపతికే సందేహం కలిగిన సంస్థని నేనింతవరకూ చూడలేదండీ!”

ఆ మాటకి ఎం.డి. గారి కళ్ళల్లో నీళ్ళతో పాటు ఢిల్లీ కూడా మెరిసింది. తల ఊపారు. గట్టిగా ఊపారు.

తాతారావు కాగితం పరిచాడు, పెన్ను మూత తీసి చేతిలో పెట్టాడు. ఎం.డి. గారు నోరు బిగించుకుని సంతకం చేశారు. సాక్షిగా అమృతవల్లి గారు చేసింది, పక్కనే అధికారిణి కూడా ఉత్సాహంగా చేసింది. సంతకం అయిన వెంటనే ఎం.డి. గారికి తెరలు తెరలుగా దగ్గొచ్చింది, ఆయన నీళ్ళ పంపు వైపు పరిగెత్తారు. అందరూ ఆయన వెనక పరిగెత్తారు. తాతారావు మాత్రం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను వైపు పరిగెత్తాడు. రిలీవింగు ఉత్తర్వు చేతిలో పడ్డాక రైల్వే స్టేషను దాకా ఆ పరుగు ఆపలేదు.

మరికొన్ని నెలలు గడిచాయి. నరసాపురంలో ఒక సాయంత్రం తాతారావు ఆఫీసు నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, వీధి అరుగు మీద కూర్చుని ఉండగా అమృతవల్లి గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

“తాతారావు గారూ, బాగున్నారా? ఎం.డి. గారికి ఢిల్లీ పైపదవి ఉత్తర్వు వచ్చిందండీ. ‘సందేహం లేదు’ ధ్రువపత్రం జతచెయ్యమన్నారు. అది ఇవ్వాల్సింది ఎం.డి. గారే, కానీ ఎవరి పత్రానికి వాళ్ళే సంతకం చేసుకోకూడదని రూలు. పాపం, అద్దాల గదిలోనే కూర్చుంటున్నారు. స్కూలు పిల్లలు రోజూ వస్తున్నారు. మనిషి చిక్కి సగమైపోయారు. మీరు పెద్దమనసు చేసుకుని ఆ సందేహం మళ్ళీ వెనక్కి పుచ్చుకుంటారేమో అడగమన్నారు.”

లోపల మంగతాయారు రెండు కంచాలు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తాతారావు ఎంతో వినయంగా జవాబు చెప్పాడు.

“తప్పకుండా పుచ్చుకునేవాణ్ణే మేడమ్. కానీ ఒక ఉద్యోగి దగ్గర్నుంచి ఇంకో ఉద్యోగికి పంపడమంటే అది కూడా బదిలీయే కదండీ. నిషేధం ఎత్తేశాక దరఖాస్తు పెట్టుకోమని చెప్పండి, పరిశీలిస్తాను.”

ఫోను పెట్టేసి భోజనానికి లేచాడు.